పాత పికప్‌కి కొత్త మీటర్లు కొనే ముందు వెనకున్న ఎర్త్ చూడండి

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తాతగారి 1989 మోడల్ మహీంద్రా జీపు పికప్, ప్యూజో డీజిల్ ఇంజను. రాజోలు దగ్గర మీ తోటలో ఏళ్ల తరబడి కొబ్బరి చెట్ల కింద ఉండిపోయింది. ఇంజను మళ్లీ స్టార్టయింది. కానీ హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు, డీజిల్ ముల్లు రెండూ పైకి లేస్తున్నాయి. ఇండికేటర్ వేస్తే డీజిల్ ముల్లు దాంతోపాటే ఊగుతోంది. ఆయిల్ మీటరు కదలట్లేదు. ఛార్జింగు కరెంటు చూపించే ఆమీటరు ముల్లు వణుకుతోంది. డాష్‌బోర్డు మొత్తం పీకేసి డిజిటల్ సెట్టు పెట్టించుకోమని ఎవరో చెప్పారు, పెట్టించాలా, వైరింగు కూడా మార్చాలా అని మీ ప్రశ్న.

నేను పాలకొల్లులో ముప్పై ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. వైరింగు మార్చండి, తప్పదు. మీటర్లు మాత్రం ఇప్పుడే కొనకండి. మీ మీటర్లలో సగం బాగానే ఉండి ఉంటాయి.

లైటు వేస్తే టెంపరేచర్ ఎందుకు పెరుగుతుందో చూడండి. లైటుకీ ఇంజను వేడికీ సంబంధం లేదు కదా. ఆ మీటర్లు, వాటి వెనకున్న చిన్న బల్బులు అన్నీ ఒకే రేకుకి బిగించి ఉంటాయి. ఆ రేకు ద్వారానే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి వెళ్లాలి. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటాం. ఆ దారి తుప్పు పట్టి మూసుకుపోతే, బల్బు నుంచి వచ్చే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. టెంపరేచర్ మీటరులోంచి దాని వైరు వెంట ఇంజను మీదున్న సెన్సారుకి పోయి, అక్కడ ఎర్త్ అవుతుంది. డీజిల్ మీటరులోంచి, ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచే ఫ్లోటుకి పోతుంది. ఆ అదనపు కరెంటుకి ముల్లు లేస్తుంది. ఇండికేటర్ వెలిగి ఆరినప్పుడల్లా ఊగడం కూడా ఇదే.

నమ్మకం కుదరకపోతే పది నిమిషాల పని. రెండు మీటర్ల పొడవున్న మందపాటి వైరు తీసుకుని ఒక చివర బ్యాటరీ మైనస్ బోల్టుకి కట్టండి. రెండో చివర మీటర్ల రేకు మీద పెయింటు గీకి అక్కడ గట్టిగా నొక్కండి. లైట్లు వేసి, ఇండికేటర్ వేసి చూడండి. ముళ్లు కిందకి దిగి నిలబడితే జబ్బు ఎర్త్‌దే. మల్టీమీటరు ఉంటే ఇంకా మంచిది. వోల్టుల మీద పెట్టి, నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర తీగ డాష్ రేకుకి పెట్టి, అన్ని లైట్లూ వెయ్యండి. 0.1 నుంచి 0.2 వోల్టులలోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 0.5 దాటితే ఆ దారిలో ఎక్కడో చెడింది. ఉప్పు గాలి తగిలిన బండ్లలో ఇది 2 వోల్టుల దాకా రావడం నేను చూశాను.

ఆ ఎర్త్ వైరు పెట్టి చూశాక కూడా రెండు ముళ్లూ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంటే ఇంకో సంగతి ఉంది. కొన్ని పాత మీటర్ల సెట్లకి వెనక అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, వోల్టేజి స్టెబిలైజరు. డీజిల్ మీటరుకీ, టెంపరేచర్ మీటరుకీ బ్యాటరీ వోల్టేజి నేరుగా పోకుండా, సగటున 10 వోల్టులు వచ్చేలా అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కొన్ని రకాల్లో 5 వోల్టులు. ఆ డబ్బా ఒంటికి ఎర్త్ అందకపోతే తెరుచుకోవడం మానేస్తుంది, పూర్తి వోల్టేజి వెళ్లిపోతుంది. మీ బండిలో ఉందో లేదో మీటర్లు దింపినప్పుడు చూసుకోండి. ఉంటే దాని వోల్టేజి ఎంతో తెలుసుకోకుండా కొత్త మీటరు ఏదీ ఆ వైరుకి తగిలించకండి.

ఇక వైరింగు. అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన ప్రాంతం అలాంటిది. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే గాలిలోనే ఉప్పుంటుంది. దానికి తోడు ఈ పికప్‌లు ఒకప్పుడు కొబ్బరికాయలు, ధాన్యం మోసేవి. తర్వాత రొయ్యల ట్రేలు మోశాయి. ఐసు కరిగి కారిన ఉప్పునీళ్లు తొట్టి రేకు సందుల్లోంచి నేరుగా షాసీ మీద వైర్ల మీద పడ్డాయి. మీ తాతగారి బండి రొయ్యలు మొయ్యలేదేమో గానీ, సముద్రం గాలి మాత్రం తగిలింది కదండీ.

ఒక పని చెయ్యండి. డాష్ కిందనుంచి ఒక వైరు లగ్గు, అంటే చివరన బిగించిన లోహపు ముక్క, ఊడదీసి, లగ్గు దగ్గర రెండంగుళాల మేర ఇన్సులేషన్ చీల్చి చూడండి. రాగి రాగి రంగులో ఉండదు. లగ్గు మొదట్లో పచ్చటి చిలుము పొడిపొడిగా రాలుతుంది. దాని వెనక తీగలు నల్లగా, బొగ్గులో ముంచినట్టు ఉంటాయి. గోటితో గీకితే రెండు మూడు పోగులు విరిగిపోతాయి కూడా. ఆ నలుపు మీద టంకం అతకదు, కొత్త లగ్గు పెట్టినా సరిగ్గా పట్టదు. ఇంకో అడుగు లోపల చీల్చండి, అక్కడా నల్లగా ఉంటే చెమ్మ వైరు లోపల్నుంచే పాకిపోయిందని అర్థం. ఇలాంటి దానికి మధ్యలో ముక్కలు కలిపి టేపు చుట్టడం దండగ. ఈ ఏడాది ఇక్కడ అతుకు, వచ్చే ఏడాది ఇంకోచోట అతుకు, అంతే.

పాత వైరింగు తీసేటప్పుడు కత్తిరించకండి. ఇది చాలామంది చేసే తప్పు. ప్రతి చివరకీ కాగితం ముక్క కట్టి, అది ఎక్కడ తగులుకుని ఉందో తెలుగులోనే రాయండి. ఫోటోలు తీయండి. మొత్తం ఒక్కటిగా బయటికి లాగి వరండా గచ్చు మీద బండిలో ఉన్న ఆకారంలోనే పరవండి. తర్వాత ఒక ప్లైవుడ్ చెక్క మీద వైర్లు కొమ్మలుగా చీలిన చోటల్లా మేకులు కొట్టి, ఆ మేకుల మధ్య కొత్త వైర్లు పరుచుకుంటూ పోతే కొత్త వైరింగు సరిగ్గా పాతదాని పొడవులోనే వస్తుంది. ప్రతి కొమ్మకీ జానెడు ఎక్కువ ఉంచండి.

వైరు కొనేటప్పుడు ఆటో వైరే అడగండి. ఇంటి వైరింగుకి వాడే పీవీసీ వైరు ఇంజను వేడికీ, డీజిల్ మడ్డికీ, బండి అదురుకీ తట్టుకునేలా చేసింది కాదు. మందం సంగతి చెప్తాను. మీటర్లకి, డాష్ బల్బులకి 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరు చాలు. ఇండికేటర్లు, వెనక లైట్లకి 1.5. హెడ్‌లైట్లకి 2.5. తాళం స్విచ్చికి వచ్చే మెయిన్ 4 లేదా 6. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీకి 10. డీజిల్ ఇంజనుకి స్టార్ట్ చేసే ముందు లోపల వేడి చేసే హీటర్ ప్లగ్గులున్నాయి కదా, నాలుగూ కలిసి 40 ఆంపియర్లకి తక్కువ లాగవు. వాటికి వేరే 6 వైరు, వేరే 70 ఆంపియర్ల రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చి, పెట్టండి. తాళం స్విచ్చిలోంచి ఆ కరెంటు నడపకండి, స్విచ్చి లోపలి పాయింట్లు కాలిపోతాయి.

రంగుల విషయంలో నేను ఎప్పుడూ బ్రిటన్ కంపెనీ లూకాస్ పద్ధతే వాడతాను, మన దేశంలో పాత బండ్లు చేసేవాళ్లందరికీ అది అలవాటు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది బ్రౌన్. తాళం వేస్తే వచ్చేది తెలుపు. తాళం తర్వాత ఫ్యూజు దాటినది ఆకుపచ్చ. హెడ్‌లైట్లకి నీలం, పార్కింగు లైట్లకి ఎరుపు, ఎర్త్‌కి నలుపు. పదేళ్ల తర్వాత ఇంకొకరు బోనెట్ ఎత్తినా చూడగానే అర్థమవుతుంది.

ఎర్త్ కోసం బండి రేకుని నమ్ముకోకండి. బ్యాటరీ నుంచి ఇంజనుకి ఒక అల్లిక పట్టీ, ఇంజను నుంచి షాసీకి ఇంకోటి, షాసీ నుంచి బాడీకి ఒకటి. ఇవి కాక డాష్ వెనక ఇత్తడి బోల్టు ఒకటి పెట్టి, ప్రతి మీటరు ఎర్త్ అక్కడికి తెచ్చి, అక్కడ్నుంచి 4 వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి. వెనక లైట్లకి కూడా నల్ల వైరు విడిగా ముందుకి లాగండి. తొట్టి బోల్టుల తుప్పు సంగతి మీకు తెలిసిందే. బోల్టు బిగించాక పైన వేజలైన్ రాయండి, లగ్గు కింద కాదు.

లగ్గులకి టంకం పెట్టాలా, నొక్కాలా అని అడుగుతారు. మంచి క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన లోపల జిగురుండే స్లీవు వేసి వేడి చెయ్యండి. టంకం కరిగి వైరు లోపలికి పాకితే అక్కడ తీగ కడ్డీలా బిగుసుకుపోతుంది, అదురుకి సరిగ్గా ఆ గీత దగ్గరే తెగుతుంది. చుట్టడానికి గుడ్డ టేపు వాడండి. మామూలు నల్ల టేపు మన ఎండలకి ఒక్క వేసవిలో జిగురుగా కారిపోతుంది.

ఇప్పుడు ఆమీటరు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పాత బండ్లలో ఛార్జింగు కరెంటు మొత్తం డాష్‌బోర్డు మీది ఆమీటరు గుండానే వెళ్లి రావాలి. మీ మీటరు మీద 30, మధ్యలో 0, అటు 30 అని ఉంటుంది. అంటే అంత కరెంటు, ఫ్యూజు లేకుండా, మీ మోకాళ్ల ముందు రెండు చిన్న బోల్టుల మీద ఆధారపడి ఉంది. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఒక పికప్‌కి పాత ఆల్టర్నేటరు తీసి పెద్దది పెట్టాను. ఆమీటరు అలాగే ఉంచాను, యజమాని ఆ ముల్లు చూసుకునే అలవాటని అడిగారు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఆయన రొయ్యల లోడుతో భీమవరం వెళ్తుంటే డాష్ వెనకనుంచి పొగ. బోల్టు నట్టు అదురుకి వదులై, వదులైన చోట వేడెక్కి, మీటరు వెనకున్న ప్లాస్టిక్ కరిగి వైరు రేకుకి తగిలింది. డ్రైవరు బ్యాటరీ వైరు స్పానరుతో ఊడదీసేలోపు డాష్ కింద అరచేతి వెడల్పున వైరింగు కాలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారి ఆ బండి నా షెడ్డుకొచ్చింది. కరిగి నల్లబడిన ఆ నట్టు ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది. ఆ రోజు నుంచి ఏ బండికీ ఆమీటరు ఉంచలేదు.

మీది వణుకుతోందంటే నట్టు వదులై ఉండొచ్చు. ఇవాళే బ్యాటరీ వైరు తీసి ఆ రెండు నట్లూ చూడండి. కొత్త వైరింగులో ఆమీటరు తీసేసి వోల్టు మీటరు పెట్టండి. దానికి సన్న వైరు చాలు, 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఆల్టర్నేటరు నుంచి వచ్చే మందపాటి వైరు డాష్‌కి రాకుండా ఇంజను దగ్గరే సెల్ఫ్ మోటారు బోల్టుకి, మధ్యలో పెద్ద ఫ్యూజుతో. ఇంజను ఆపినప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ బాగున్నట్టు. తాతగారి గుర్తుగా ఆ పాత ముఖమే ఉండాలంటే, ఆ డబ్బా లోపల వోల్టు మీటరు యంత్రం అమర్చేవాళ్లున్నారు.

డాష్‌లో ఎల్‌ఈడీ బల్బులు వేస్తారా, వెయ్యండి, చక్కగా ఉంటాయి. ఒక్క ఛార్జింగు ఎర్ర లైటుకి మాత్రం పాత తీగ బల్బే ఉంచండి, 2 నుంచి 3 వాట్లది. ఆ బల్బు గుండా వెళ్లే చిన్న కరెంటుతోనే ఆల్టర్నేటరు లోపలి కాయిల్ మేలుకుంటుంది. ఎల్‌ఈడీ పెడితే అంత కరెంటు వెళ్లనివ్వదు, ఛార్జింగు మొదలవదు. మంచి ఆల్టర్నేటరుని పాడైందని మార్చేసుకున్నవాళ్లని ఎంతమందినో చూశాను. ఇండికేటర్లకి ఎల్‌ఈడీ వేస్తే వాటిని వెలిగించి ఆర్పే ఫ్లాషరు కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి, లేకపోతే గబగబా కొట్టుకుంటుంది.

హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని మీరు రాయలేదు గానీ ఉండే ఉంటాయి. లెక్క చెప్తాను. రెండు 60 వాట్ల బల్బులు కలిసి 10 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి తాళం, స్విచ్చి, డిప్పర్ అన్నీ తిరిగి లైటుకి వచ్చేసరికి ఆరు మీటర్ల వైరు. 1.5 రాగి తీగ ఒక్కో మీటరు పొడవుకి 0.0115 ఓంలు, అంటే వైరులోనే 0.7 వోల్టు పోయింది. అరిగిన స్విచ్చి పాయింట్లలో ఇంకో వోల్టు. పది శాతం వోల్టేజి తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. అందుకని బ్యాటరీ పక్కనే రెండు రిలేలు, డిమ్ముకొకటి, బ్రైటుకొకటి. రిలే కాళ్ల దగ్గర నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటిన వైరు, 87 నుంచి లైటుకి, 86కి పాత స్విచ్చి వైరు, 85 ఎర్త్‌కి. పాత స్విచ్చి ఇక రిలేని మేల్కొలపడానికే. చించినాడ వంతెన మీద ఎదురుగా లారీ వచ్చే రాత్రి ఈ తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక మీటర్ల దగ్గరికి రండి.

ముందు ఆయిల్ మీటరు. అది తేలేదాకా బండి రోడ్డెక్కించకండి. దాని వెనకకి సన్న గొట్టం వస్తోందా, వైరు వస్తోందా చూడండి. గొట్టమైతే ఏళ్ల తరబడి నిలబడి మడ్డి గడ్డకట్టి ఉంటుంది, రెండు చివరలూ ఊడదీసి గాలి కొట్టండి. వైరైతే సెన్సారు పోయి ఉండొచ్చు. రెండింటిలో ఏదైనా సరే, ఒకసారి ఇంజను బ్లాకు దగ్గరే విడి ప్రెషరు గేజి బిగించి, ఇంజను స్టార్ట్ చేసి ముల్లు లేస్తోందా, రేజ్ చేస్తే పెరుగుతోందా కళ్లతో చూసుకోండి. ఇంజనుకి ఆయిల్ అందుతోందన్న భరోసా వచ్చాకే మిగతా పని. కొత్తగా పెడితే వైరు రకమే పెట్టండి. గొట్టం సైలెన్సరుకి తగిలి కరిగితే కాగిన ఆయిల్ కాళ్ల మీద పడుతుంది.

డీజిల్ మీటరు. ట్యాంకు దగ్గర ఫ్లోటు వైరు ఊడదీసి, తాళం వేసి, ఆ వైరుని రెండు సెకన్లు మాత్రమే ఎర్త్‌కి తాకించండి. ముల్లు ఒక చివరకి పోవాలి, వదిలితే రెండో చివరకి రావాలి. అలా వస్తే మీటరు బాగుంది, తేడా ఫ్లోటులో ఉంది. ఫ్లోటు బయటికి తీసి మల్టీమీటరు ఓంల మీద పెట్టి, ఫ్లోటు చెయ్యి (ఆర్మ్) కిందకి దించి ఒక కొలత, పైకెత్తి ఒక కొలత రాసుకోండి. అంగడిలో దొరికే మీటర్లు ఒక్కో లెక్కకి చేసినవి. ఖాళీకి 240, నిండుకి 33 ఓంలవి ఉన్నాయి. ఖాళీకి 0, నిండుకి 90వి ఉన్నాయి. 10 నుంచి 180వి ఉన్నాయి. ఫ్లోటు ఒక లెక్కది, మీటరు ఇంకో లెక్కది అయితే ట్యాంకు నిండా ఉన్నా సగమే చూపిస్తుంది, లేదా తలకిందులు చూపిస్తుంది. డిజిటల్ సెట్టు పెట్టించుకుని డీజిల్ తప్పు చూపిస్తోందని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందిది ఇదే కథ.

టెంపరేచర్ మీటరుకీ ఇదే సూత్రం, మీటరు, సెన్సారు ఒకే సెట్టుగా కొనండి. సెన్సారు మరలకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టకండి, అది ఇంజను ఒంటికి ఎర్త్ అయితేనే పనిచేస్తుంది. బిగించాక దాని ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఒకసారి కొలిచి చూసుకోండి.

స్పీడో ముల్లు ఊగితే కేబుల్ ఎండిపోయిందని. లోపలి తీగ లాగి, కడిగి, గ్రీజు పల్చగా రాయండి. మీటరు వైపు చివరి జానెడు మాత్రం పొడిగా వదిలేయండి, లేకపోతే గ్రీజు మీటరు లోపలికి ఎక్కుతుంది. ఆర్‌పీఎం మీటరు కావాలంటే డీజిల్ ఇంజనుకి ఆల్టర్నేటరు మీదున్న డబ్ల్యూ టెర్మినల్ నుంచి తీసుకోవాలి, దానికి సెట్టింగు ఉన్న మీటరే కొనాలి. నా మాటకి అది లేకపోయినా నష్టం లేదు.

ఇవన్నీ చేశాక కూడా డిజిటల్ సెట్టే కావాలనిపిస్తే పెట్టించుకోండి, తప్పు లేదు. కానీ ఆ పాత తెల్లంకెల ముఖాలు తుడిచి, అద్దం మార్చి, కొత్త బల్బు వెలుగులో ఒకసారి చూడండి. తాతగారు చూసినవే మీరూ చూస్తారు. నాకైతే అవే ఇష్టం.

ఇంకొకటి, మీది గోదావరి ఒడ్డు. 1986లోనూ, 2022 జులైలోనూ వరద ఎంత ఎత్తు వచ్చిందో మీ ఇంట్లోవాళ్లనడిగితే గోడ మీద గుర్తు చూపిస్తారు. ఫ్యూజు పెట్టె, రిలేలు డాష్ కింద కాకుండా బోనెట్ లోపల గోడకి వీలైనంత ఎత్తులో పెట్టండి. కనెక్టర్ల నోరు కిందకి ఉండాలి. వైరు కనెక్టరు దగ్గరికి వచ్చే ముందు ఒకసారి కిందకి వంగి పైకి ఎక్కాలి, అప్పుడు నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. షాసీ లోపల వెళ్లే వైర్లకి ముడతల గొట్టం వేసి, చీలిక కిందవైపు ఉంచండి. బండి తోటలోనే పెడతారు కాబట్టి గొట్టాల చివరలు మూసేయండి, ఎలుకలకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

అంతా బిగించాక బ్యాటరీ ఒక్కసారిగా కలపకండి. 12 వోల్టులు, 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి తీసుకుని, బ్యాటరీ ప్లస్‌కీ వైరింగుకీ మధ్యలో పెట్టండి. తాళం ఆఫ్, స్విచ్చిలన్నీ ఆఫ్. బల్బు పూర్తిగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది, ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పొండి, ఏది తీస్తే ఆరిందో అక్కడ వెతకండి. వెలగకపోతే బల్బు తీసి మెయిన్ ఫ్యూజు పెట్టి, ఒక్కో స్విచ్చీ వేస్తూ డాష్ ఎర్త్ దగ్గర మళ్లీ వోల్టులు కొలవండి.

ఫ్లోటు రెండు కొలతలు, ఆ డాష్ వెనక ఫోటో పంపండి. ఏ మీటరు సరిపోతుందో అప్పుడు చెప్తాను.